మన ఇంటి పాత ట్రాన్సిస్టరు: దాని పేరు, ఊరు, వయసు



మీ ఇంట్లో అటక మీద పాత రేడియో ఉందా? దూలానికి తగిలించిన సంచిలో ఉందా? పెట్టె అడుగున, పెళ్ళినాటి చీర పక్కన ఉందా? చాలా ఇళ్ళలో ఉంటుంది. పాడదు. అయినా పారేయబుద్ధి కాదు.

ఒకప్పుడు అల్లుడికి పెట్టే వాటిలో వాచీ, సైకిలు, రేడియో ఉండేవి. రేడియో ఉన్న ఇంటి ముందు వాకిట్లో పదిమంది కూర్చునేవారు. వార్తలు వినేవారు. పొలం కబుర్లు వినేవారు. సిలోను రేడియోలో మీనాక్షి పొన్నుదురై గారి గొంతు కోసం, తెలుగు పాటల కోసం ఎదురు చూసేవారు.

ఇప్పుడు ఆ పాత రేడియోలను కొనేవారు ఊళ్ళలో తిరుగుతున్నారు. కొందరు ఇనుప సామాను కింద తూకానికి అడుగుతారు. కొందరు పాత వస్తువులు దాచుకునే వారికి అమ్ముకుంటారు. వచ్చిన వాడికి ఆ రేడియో ఏమిటో తెలుసు. మనకు తెలియదు. తెలిసిన వాడికీ తెలియని వాడికీ మధ్య బేరం ఎలా సాగుతుందో మీకు చెప్పాలా?

మరి మనం తెలుసుకోలేమా? తెలుసుకోగలం. రేడియో తన పేరు, తన ఊరు, తన వయసు తన ఒంటి మీదే రాసుకుని ఉంటుంది. చదవడమే కావాలి. మనకు చదువు వచ్చింది కదా! చదువుదాం.

ట్రాన్సిస్టరు అంటే ఏమిటి?

మొదట్లో రేడియోల లోపల గాజు బుడ్లు ఉండేవి. వాటిని వాల్వులు అంటారు. అవి చిన్న కరెంటు దీపాల్లా వేడెక్కేవి. మీట వేశాక కొంచెం సేపు ఆగితే గాని మాట వినిపించేది కాదు. ఆ రేడియో పెద్ద పెట్టెలా ఉండేది. బల్ల మీద పెట్టాల్సిందే. చంకన పెట్టుకుని పొలానికి పోవడం కుదరదు.

1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరును కనిపెట్టారు. కనిపెట్టిన వారు బార్డీన్, బ్రాటెయిన్, షాక్లీ అనే ముగ్గురు. ఇందుకు వారికి 1956లో నోబెల్ బహుమతి వచ్చింది. ట్రాన్సిస్టరు చింతగింజంత ఉంటుంది. గాజు బుడ్డి చేసే పనే చేస్తుంది. దానిలా వేడెక్కదు. తక్కువ కరెంటు తాగుతుంది.

1954లో అమెరికాలో జేబులో పట్టే రేడియో బజారుకు వచ్చింది. దాని పేరు రీజెన్సీ టి.ఆర్.-1. అందులో 4 ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. 1957లో జపాను నుంచి టి.ఆర్.-63 వచ్చింది. అందులో 6 ట్రాన్సిస్టర్లు. దాన్ని చేసిన కంపెనీ మరుసటి ఏడాది, అంటే 1958లో, సోనీ అని పేరు మార్చుకుంది.

మన దేశంలో ఫిలిప్స్, మర్ఫీ, బుష్, నేషనల్ ఎకో వంటి పేర్లతో రేడియోలు వచ్చాయి. లోపలి గింజ పేరే మొత్తం పెట్టెకు పేరయింది. అందుకే మన పెద్దవాళ్ళు "ట్రాన్సిస్టరు పెట్టు, వార్తలు విందాం" అనేవారు.

పేరు ఒకటే, రకాలు ఎన్నో

వరి అంటే ఒకటే రకమా? కాదు. బి.పి.టి. 5204 వేరు. ఎమ్.టి.యు. 1010 వేరు. బి.పి.టి. అంటే బాపట్ల. ఎమ్.టి.యు. అంటే మారుటేరు. ఆ విత్తనం పుట్టిన ఊరు ఆ అక్షరాల్లో ఉంది. అంకె దాని రకం చెబుతుంది. సంచి మీద బొమ్మ చూసి విత్తనం కొనం కదా. అంకె చూసి కొంటాం.

రేడియో కూడా అంతే. మర్ఫీ అన్నది కంపెనీ పేరు. ఆ కంపెనీ ఎన్నో రకాలు చేసింది. ఒక్కో రకానికి ఒక్కో అంకె ఉంటుంది. దాన్నే మోడలు నంబరు అంటారు. ఒకే మోడలులో కూడా చిన్న చిన్న తేడాలతో ఒకటికి మించి రకాలు వస్తాయి.

తేడా ఒక్కోసారి పైకి కనిపిస్తుంది, లోపల ఏమీ ఉండదు. రీజెన్సీ టి.ఆర్.-1 మొదట నలుపు, దంతపు రంగు, ఎరుపు, బూడిద రంగుల్లో వచ్చింది. తరువాత ఇంకొన్ని రంగులు చేర్చారు. రంగు మారినా మోడలు అదే.

ఒక్కోసారి పైకి రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. లోపల వేరు. ఒకటి రెండు బ్యాండ్లది, ఒకటి మూడు బ్యాండ్లది. ఒకటి మన దేశం కోసం చేసింది, ఒకటి ఇంకో దేశం కోసం చేసింది. అందుకని ముఖం చూసి రేడియోను గుర్తుపట్టకూడదు. అయిదు చోట్ల చదవాలి. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి చోటు: ముందు వైపు

ముందు వైపు కంపెనీ పేరు ఉంటుంది. కొన్నిటికి గుర్తు కూడా ఉంటుంది. మర్ఫీకి నోటి మీద వేలు పెట్టుకున్న పసివాడి బొమ్మ గుర్తు. ఆ బొమ్మ చాలామందికి తెలుసు.

కొన్ని రేడియోలకు ముద్దుపేరు కూడా ముందు రాసి ఉంటుంది. ముద్దుపేరును మాత్రం గట్టిగా నమ్మకండి. ఒకే ముద్దుపేరుతో రెండు మూడు మోడళ్ళు రావచ్చు. మన వాడకట్టులో లక్ష్మి అని పిలిస్తే ఎంతమంది పలుకుతారు? ఇంటిపేరు కూడా కావాలి కదా.

రెండో చోటు: ముల్లు తిరిగే పలక

స్టేషను కోసం తిప్పితే ఒక ముల్లు అటూ ఇటూ కదులుతుంది. ఆ ముల్లు వెనక గీతలు, అంకెలు ఉంటాయి. ఈ పలక చాలా సంగతులు చెబుతుంది.

ముందు ఇంగ్లీషు అక్షరాలు చూడండి. ఎమ్, డబ్ల్యు అనే రెండు అక్షరాలు పక్కపక్కన ఉంటాయి. ఎమ్ ను తలకిందులు చేస్తే డబ్ల్యు లాగా ఉంటుంది. అలా గుర్తుపెట్టుకోండి. ఇది మీడియం వేవ్. దగ్గరి స్టేషన్లు దీనిలో వచ్చేవి. హైదరాబాదు కేంద్రం 738 కిలోహెర్ట్జ్ అని చెప్పేవారు, గుర్తుందా? ఆ 738 ఈ గీత మీదదే. కొన్ని పలకల మీద చోటు చాలక చివరి సున్నా తీసేస్తారు. 60 అని ఉంటే 600 అని, 100 అని ఉంటే 1000 అని చదువుకోవాలి.

ఎస్, డబ్ల్యు అని ఉంటే అది షార్ట్ వేవ్. ఎస్ పాములా మెలికలు తిరిగి ఉంటుంది. దూరదేశాల స్టేషన్లు దీనిలో వచ్చేవి. సిలోను రేడియో మన ఇళ్ళకు వచ్చింది ఈ దారినే. ఎస్.డబ్ల్యు.1, ఎస్.డబ్ల్యు.2 అని రెండు ఉంటే, మీడియం వేవ్ తో కలిపి అది మూడు బ్యాండ్ల రేడియో. ఎమ్.డబ్ల్యు. ఒక్కటే ఉంటే ఒక బ్యాండు రేడియో. రెండు రేడియోలు పైకి ఒకేలా ఉన్నప్పుడు మొదట బ్యాండ్లు లెక్కపెట్టండి. చాలాసార్లు తేడా అక్కడే దొరుకుతుంది.

అంకెల పక్కన ఉన్న చిన్న అక్షరాలను కూడా వదలకండి. పాత రేడియోల మీద కిలోసైకిల్స్ అని ఉంటుంది. దాన్ని కె, సి అనే అక్షరాలతో రాసేవారు. ఆ తరువాతి వాటి మీద కిలోహెర్ట్జ్ అని ఉంటుంది. దానికి కె, హెచ్, జెడ్ అనే అక్షరాలు. రెండూ ఒకే కొలత. పేరు మారింది. హెర్ట్జ్ అనే పేరును ప్రపంచ దేశాల సమావేశం 1960లో ఒప్పుకుంది. కంపెనీలు మెల్లమెల్లగా మారాయి. అందుకని కె.సి. అని ఉంటే పాత కాలపుది అనీ, కె, హెచ్, జెడ్ ఉంటే ఆ తరువాతిది అనీ ఒక అంచనాకు రావచ్చు.

ఏ దేశం కోసం చేశారో కూడా ఈ పలకే చెబుతుంది. ఎల్, డబ్ల్యు అని ఉంటే అది లాంగ్ వేవ్. అలాంటివి ఎక్కువగా ఐరోపా దేశాల కోసం చేశారు. ఎఫ్.ఎమ్. గీత 76 దగ్గర మొదలై 90 దగ్గర ఆగిపోతే అది జపాను వాళ్ళ కోసం చేసింది. మన ఎఫ్.ఎమ్. స్టేషన్లు 88 నుంచి 108 లోపల ఉంటాయి. కాబట్టి ఆ జపాను రేడియోలో మన స్టేషన్లు చాలావరకు పలకవు. అది రేడియో తప్పు కాదు. గల్ఫు నుంచి, ఇతర దేశాల నుంచి మనవాళ్ళు తెచ్చిన రేడియోలను కొనేటప్పుడు ఈ అంకెలు తప్పకుండా చూసుకోండి.

ఇంకో వింత గుర్తు ఉంది. అమెరికాలో అమ్మిన కొన్ని పాత రేడియోల పలక మీద 640 దగ్గర, 1240 దగ్గర రెండు చిన్న గుర్తులు ఉంటాయి. చాలావాటిలో అవి ముక్కోణాలు. యుద్ధం వచ్చి శత్రువుల విమానాలు వస్తే ప్రజలు ఆ రెండు చోట్లకే ముల్లు తిప్పి కబురు వినాలని అక్కడి ప్రభుత్వం ఏర్పాటు చేసింది. ఈ ఏర్పాటు 1963లో పోయింది. కాబట్టి ఆ ముక్కోణాలు ఉన్న రేడియో సుమారుగా 1953కూ 1963కూ మధ్య కాలానిది. రెండు చిన్న గుర్తులు ఎంత కథ చెప్పాయో చూశారా!

మూడో చోటు: వెనక మూత

రేడియోను తిప్పి పట్టుకోండి. వెనక మూత మీద, లేదా అడుగున, లేదా బ్యాటరీలు పెట్టే గూటిలో చిన్న కాగితం అంటించి ఉంటుంది. కొన్నిటికి రేకు ముక్క ఉంటుంది. కొన్నిటికి మూతలోనే అక్షరాలు అచ్చుపోసి ఉంటాయి. అసలు పేరు ఇక్కడే ఉంది.

ఇక్కడ రెండు అంకెలు ఉండవచ్చు. ఒకటి మోడలు నంబరు. రెండోది సీరియలు నంబరు. రెండూ ఒకటి కాదు. మోడలు నంబరు చీర రకం పేరు లాంటిది. ఆ రకం చీరలు వెయ్యి ఉండవచ్చు. సీరియలు నంబరు రేషను కార్డు నంబరు లాంటిది. ఆ కంపెనీ చేసిన వాటిలో మీ రేడియో ఏదో అది చెబుతుంది.

మోడలు నంబరులోని అక్షరాలకు అర్థం ఉంటుంది. ఫిలిప్స్ కంపెనీ పాత పద్ధతి చూద్దాం. 1950ల నడుమ నుంచి సుమారు పదేళ్ళు ఆ కంపెనీ ఇలా రాసేది: ఎల్ 4 ఎక్స్ 95 టి.

మొదటి అక్షరం ఎల్. నిలువు గీత, కింద అడ్డగీత. ఎల్ అంటే చేతిలో పట్టుకుపోయే రేడియో. అదే చోట బి ఉంటే బల్ల మీద పెట్టేది.

చివరి అక్షరం టి. నిలువు గీత మీద అడ్డగీత. టి అంటే ట్రాన్సిస్టరుది. అక్కడ ఎ ఉంటే ఇంటి కరెంటుతో నడిచేది.

నడుమ 95 ఉంది కదా. అందులో మొదటి అంకె 9. అది సంవత్సరంలో చివరి అంకె. అంటే 1959 నాటిది. అక్కడ 1 ఉంటే 1961 నాటిది.

చూశారా? అయిదారు గుర్తుల్లో ఆ రేడియో ఎలాంటిదో, దేనితో నడుస్తుందో, ఏ ఏటిదో మూడు సంగతులూ వచ్చేశాయి.

తరువాత ఫిలిప్స్ పద్ధతి మార్చింది. 1960ల నడుమ నుంచి 22 ఆర్.ఎల్. అని మొదలుపెట్టింది. ఆర్ అంటే రేడియో. ఎల్ అంటే ఇక్కడ కూడా చేతిలో పట్టుకుపోయేదే. ఆ తరువాత అంకెలు ఉంటాయి. అంకెల చివర ఒక ఏటవాలు గీత ఉండి, దాని తరువాత ఇంకో రెండు అంకెలు ఉంటే వాటిని వదిలేయకండి. ఒకే మోడలులోని వేరు వేరు రకాలను చెప్పేవి అవే. ఏ దేశానికి పంపిందో చాలాసార్లు వాటిని బట్టే తెలుస్తుంది. కాగితం మీద రాసుకునేటప్పుడు ఆ ఏటవాలు గీత, దాని తరువాతి అంకెలు కూడా ఉన్నవి ఉన్నట్టు రాయాలి.

ప్రతి కంపెనీకీ తన పద్ధతి తనకు ఉంది. ఫిలిప్స్ లెక్క మర్ఫీకి పనికిరాదు. బుష్ కు పనికిరాదు. అయినా ఏ కంపెనీదైనా నంబరు ఉన్నది ఉన్నట్టు రాసుకుంటే, తెలిసిన వాళ్ళను అడగవచ్చు.

నాలుగో చోటు: లోపల

మూత తీసే ముందు బ్యాటరీలు తీసేయండి. కరెంటు తీగ ఉంటే ప్లగ్గు పీకేయండి. ఆ తరువాతే మరలు విప్పండి. మరలను ఒక గిన్నెలో వేసుకోండి. చేత్తో ఏదీ లాగకండి. చూడటం, చదవడం, అంతే.

మొదట బ్యాటరీల గూడు చూడండి. ఎన్ని టార్చిలైటు బ్యాటరీలు పడతాయి? ఒక్కోటి ఒకటిన్నర వోల్టు. రెండు పడితే 3 వోల్టులు. నాలుగు పడితే 6 వోల్టులు. ఆరు పడితే 9 వోల్టులు. ఒకేలా కనిపించే రెండు మోడళ్ళకు ఇక్కడ తేడా రావచ్చు. తప్పు వోల్టులు ఇస్తే రేడియో కాలిపోవచ్చు. రీజెన్సీ టి.ఆర్.-1కి 22న్నర వోల్టుల బ్యాటరీ కావాలి. అలాంటి దానికి మన టార్చిలైటు బ్యాటరీ ఒకటి పెడితే ఏం పలుకుతుంది?

తరువాత ట్రాన్సిస్టర్లను చూడండి. మూడు కాళ్ళున్న చిన్న డబ్బాలు అవి. కొన్నిటికి నాలుగు కాళ్ళు కూడా ఉంటాయి. వాటి మీద సన్నని అక్షరాలు ఉంటాయి. భూతద్దం ఉంటే బాగా కనిపిస్తాయి.

ఫిలిప్స్ వంటి కంపెనీలు మొదట్లో వాడిన వాటి మీద ఓ.సి. అని ఉంటుంది. ఓ.సి.44, ఓ.సి.45, ఓ.సి.71, ఓ.సి.72 అలాంటివి. ఇవి 1950లలో, 1960లలో వాడినవి.

తరువాత పద్ధతి మారింది. మొదటి అక్షరం ఎ ఉంటే అది జెర్మేనియంతో చేసింది. మొదటి అక్షరం బి ఉంటే సిలికాన్ తో చేసింది. రెండో అక్షరం దాని పని చెబుతుంది. సి అయితే వినిపించే గొంతు పని. ఎఫ్ అయితే గాలిలో వచ్చే తరంగాల పని. ఎ.సి.128, ఎ.ఎఫ్.117 అంటే జెర్మేనియంవి. బి.సి.148, బి.ఎఫ్.194 అంటే సిలికాన్ వి. సిలికాన్ వి 1960ల చివరి నుంచి పెరిగాయి. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ చేసిన ఇలాంటి ట్రాన్సిస్టర్లు మన దేశంలో ఎంతో వాడారు.

ఒకే రేడియోలో ఎ రకం, బి రకం రెండూ ఉండవచ్చు. అది తప్పేమీ కాదు. ఎన్నో రేడియోలను అలాగే చేశారు. అయితే ఒక మాట గుర్తుంచుకోండి. మరమ్మతు చేసినవాడు పాతది తీసి కొత్తది వేసి ఉండవచ్చు. తలుపు మార్చినంత మాత్రాన ఇల్లు కొత్తది అవదు. అందుకని లోపలి గుర్తును వెనక నంబరుతో కలిపి చదవాలి.

అయిదో చోటు: కాగితాలు

ఒకప్పుడు రేడియోకు లైసెన్సు ఉండాలి. పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టాలి. చిన్న పుస్తకం ఇచ్చేవారు. 1980లలో ఆ లైసెన్సు ఎత్తేశారు. ఆ పుస్తకాలు కొన్ని ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. అందులో ఎవరి పేరున ఉందో, ఏ కంపెనీదో, ఏ ఏడు డబ్బు కట్టారో ఉంటుంది.

కొన్న దుకాణం రసీదు, కంపెనీ ఇచ్చిన చిన్న పుస్తకం కూడా దొరకవచ్చు. దేవుడి పటం వెనక, పొలం కాగితాల మధ్య వెతకండి. రసీదు మీది సీరియలు నంబరు, రేడియో మీది సీరియలు నంబరు ఒకటే అయితే, ఆ రేడియో ఏనాడు మీ ఇంటికి వచ్చిందో తేలిపోయినట్టే.

మోసాలు ఎలా ఉంటాయి?

మొదటిది, అతుకుల రేడియో. ఒకదాని ముందు భాగం, ఇంకోదాని వెనక మూత కలిపి ఒకటిగా అమ్ముతారు. మూత సరిగ్గా కూర్చోదు. మరల రంధ్రాలు కలవవు. ముందు రాసిన బ్యాండ్లకూ లోపలి బ్యాండ్లకూ పొంతన ఉండదు.

రెండోది, పాత వేషం వేసిన కొత్త రేడియో. ఇప్పుడు పాత రేడియోల మాదిరిగా కొత్తవి చేస్తున్నారు. తోలు పిడి, ఇత్తడి రంగు అన్నీ ఉంటాయి. పక్కకు తిప్పి చూడండి. ఫోను తీగ పెట్టే కన్నం గాని, పాటల కార్డు పెట్టే సందు గాని ఉందా? అయితే అది నిన్న మొన్నటిది. వాడుకోవడానికి కొంటే తప్పు లేదు. పాతది అని ఎక్కువ ధర మాత్రం ఇవ్వకండి.

మూడోది, ట్రాన్సిస్టర్ల లెక్క. ఎక్కువ ట్రాన్సిస్టర్లు ఉంటే మంచి రేడియో అని జనం అనుకునేవారు. అందుకని 1960లలో కొందరు పని చేయని ట్రాన్సిస్టర్లను కూడా లోపల పెట్టి, లెక్క పెంచి ముందు రాశారు. మరో పక్క జపాను నుంచి రెండే ట్రాన్సిస్టర్ల చిన్న రేడియోలు పిల్లల ఆటవస్తువుల పేరుతో ఎగుమతి అయ్యాయి. కాబట్టి ముందు రాసిన లెక్కను చూసి మురిసిపోకండి.

అత్తా కోడళ్ళ మాట

ఇప్పుడు ఒక ఇంట్లో ఇలా జరిగిందనుకుందాం. పాత సామాన్లు కొనే అతను వాకిట్లోకి వచ్చాడు.

కొనే అతను: అమ్మా, ఆ రేడియో ఇచ్చేయండి. ఎందుకూ పనికిరాదు. యాభై రూపాయలు ఇస్తాను.

అత్త: తీసుకుపో బాబూ. అది కనిపిస్తే నా కడుపు మండుతుంది.

కోడలు: ఆగండి అత్తయ్యా. ఎందుకు అంత కోపం?

అత్త: నా పెళ్ళికి మా నాయన పెట్టాడమ్మాయ్. మీ తాతయ్య, అదే మా మామగారు, ఎన్నేళ్ళు దెప్పాడో నీకు తెలియదు. "మీ నాయన ఎవరో వాడేసిన రేడియో తెచ్చి మాకు అంటగట్టాడు" అనేవాడు. నాకు చదువు లేదు. ఏమని జవాబు చెప్పను?

కోడలు: మీ పెళ్ళి ఏ ఏడు అత్తయ్యా?

అత్త: ఏడు నాకేం తెలుసు? మీ ఆయన పుట్టడానికి ముందు ఏడు, వైశాఖంలో.

కోడలు: ఆయన పుట్టింది 1975. అంటే పెళ్ళి 1974లో. ఇదుగో, పలక మీద కె, హెచ్, జెడ్ ఉంది. లోపల బి.ఎఫ్.194, బి.సి.148 ఉన్నాయి. ఇవి మీ పెళ్ళినాటి కాలానికి సరిపోతాయి. అయినా ఇది చాలదు. రసీదు ఏమైనా ఉందా?

అత్త: మా నాయన ఏదో కాగితం ఇచ్చాడు. నా పెట్టెలో కుంకుమ భరిణె కింద ఉండాలి.

(కోడలు కాగితం తెచ్చింది. రేడియోను తిప్పింది. ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదివింది.)

కోడలు: కాగితం మీది నంబరు, రేడియో మీది నంబరు ఒకటే అత్తయ్యా. తేదీ 1974 మే నెల. "కొత్తది" అని కూడా రాశారు. మీ నాయన దుకాణంలో కొత్త రేడియో కొని పెట్టాడు.

(అత్త కొంచెం సేపు మాట్లాడలేదు.)

అత్త: ఆ కాగితం ఇన్నాళ్ళూ నా పెట్టెలోనే ఉంది గదమ్మా.

కొనే అతను: పోనీ రెండు వందలు ఇస్తాను.

అత్త: ఇవ్వను బాబూ. వెళ్ళిరా.

చూశారా! ఆ రేడియోకు బజారులో ఎంత ధర వస్తుందో వేరే సంగతి. ఎక్కువ రావచ్చు, రాకపోవచ్చు. అమ్మాలా వద్దా అన్నది ఇప్పుడు ఆ ఇంటివాళ్ళు తెలిసి తేల్చుకుంటారు.

జాగ్రత్తలు

* పలకను తడిగుడ్డతో గట్టిగా తుడవకండి. అక్షరాలు చెరిగిపోతాయి. పొడిగుడ్డతో మెల్లగా దుమ్ము దులపండి.
* వెనక అంటించిన కాగితాన్ని పీకకండి. కిరసనాయిలు పూయకండి. ఆ కాగితం పోతే రేడియో పేరు పోయినట్టే.
* లోపల పాత బ్యాటరీలు ఉంటే తీసేయండి. అవి కారితే రేకు తుప్పు పడుతుంది. కారిన దాన్ని ఒట్టి చేత్తో ముట్టుకోకండి. పిల్లలను ముట్టుకోనివ్వకండి.
* చాలా ఏళ్ళు వాడని రేడియోకు ఒక్కసారిగా కరెంటు పెట్టకండి. ముందు మరమ్మతు తెలిసిన వాళ్ళకు చూపించండి.
* మరమ్మతుకు ఇచ్చే ముందు మోడలు నంబరు, సీరియలు నంబరు రాసి పెట్టుకోండి. తిరిగి తెచ్చుకునేటప్పుడు సరిచూసుకోండి.
* పాత రేడియో పలకలేదని వెంటనే చెడిపోయిందని అనుకోకండి. మీడియం వేవ్, షార్ట్ వేవ్ ప్రసారాలు ఇప్పుడు చాలా తగ్గిపోయాయి. ఎఫ్.ఎమ్. లేని రేడియోలో స్టేషన్లు తక్కువగా దొరుకుతాయి.
* అమ్మాలనుకుంటే మొదట వచ్చిన వాడికే ఇవ్వకండి. నంబరు చెప్పి ఇద్దరు ముగ్గురిని అడగండి.

మీ నోటు పుస్తకంలో రాసుకోండి

1. కంపెనీ పేరు: ..........
2. మోడలు నంబరు (ఏటవాలు గీత తరువాతి అంకెలతో సహా): ..........
3. సీరియలు నంబరు: ..........
4. ఎన్ని బ్యాండ్లు? ఏవేవి? ..........
5. పలక మీద ఉన్నది కె.సి.నా? కె, హెచ్, జెడ్ నా? ..........
6. ఎన్ని బ్యాటరీలు? ఎన్ని వోల్టులు? ..........
7. ట్రాన్సిస్టర్ల మీది అక్షరాలు: ..........
8. లైసెన్సు పుస్తకం, రసీదు ఉన్నాయా? ఏ సంవత్సరం? ..........
9. ఈ రేడియో ఎవరు కొన్నారు? ఎవరికి ఇచ్చారు? ..........

తొమ్మిదో దానికి జవాబు రేడియో మీద రాసి ఉండదు. అది మీ ఇంటి పెద్దవాళ్ళకే తెలుసు. వాళ్ళు ఉండగానే అడిగి రాసుకోండి.

ఆలోచించండి, చెప్పండి

1. మోడలు నంబరుకూ సీరియలు నంబరుకూ తేడా ఏమిటి?
2. ఎఫ్.ఎమ్. గీత 76 నుంచి 90 దాకా ఉంటే ఆ రేడియో ఏ దేశం కోసం చేసింది? మన ఊళ్ళో బాగా పలుకుతుందా?
3. ఎల్ 4 ఎక్స్ 95 టి అనే నంబరులో టి ఏం చెబుతుంది? 9 ఏం చెబుతుంది?
4. లోపల బి.సి.148 ఉంది. వెనక నంబరు 1959 అని చెబుతోంది. ఏమి జరిగి ఉంటుంది?
5. మీ వాడలో పాత రేడియో ఉన్న ఇల్లు ఏది? మీ చదువు కేంద్రంలోని అక్కచెల్లెళ్ళతో కలిసి వెళ్ళి అయిదు చోట్లా చదివి రండి.